తీసినచోట పెట్టేవాడు

తమ్ముడితో వేగలేకపోతున్నానని అక్కయ్య పొద్దున్నే ఫోనులో ఎవరికో చెప్పుకుంటోంది. "తాగడు, తిరగడు, అదే నా బాధ. టీ పెట్టుకుంటే గిన్నె కడిగి, తుడిచి, బోర్లించేస్తాడు. ఇంట్లో మనిషి తిరిగాడో దెయ్యం తిరిగిందో తెలిసి చావదు. ఒక్కరోజైనా తిట్టే సందు ఇవ్వడే."

గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ అతను అంతా విన్నాడు. యాభై ఎనిమిదేళ్ళు, సన్నటి మెడ, జేబులో రెండు పెన్నులు. పెళ్ళి మాట రెండుసార్లు గుమ్మందాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది. ఉద్యోగం ఈరోజుతో ఆఖరని అక్కయ్యకింకా చెప్పలేదు. ఫోను మధ్యలో చెప్పే సంగతి కాదనుకుని, చప్పుడు కాకుండా తలుపు వేసి వెళ్ళిపోయాడు.

ఆసుపత్రుల్లో సెలైను చుక్కలు లెక్కపెట్టి ఎక్కించే పంపులు చేసే చిన్న కంపెనీ అది. పంపులో గోరంత చిప్. దాన్ని నడిపే ప్రోగ్రాము మిగతావాళ్ళు సీ భాషలో రాస్తారు. చుక్కను కనిపెట్టే ముక్కను మాత్రం, లిప్తపాటు తేడా రాకూడదని, చిప్ సొంత భాష అసెంబ్లీలో పంతొమ్మిదేళ్ళ క్రితం అతను రాశాడు. సీ పిలుస్తుంది, ఈ ముక్క వచ్చి పని చేసిపెట్టి వెళ్తుంది. ఈ రాకపోకలకొక మర్యాద ఉంది. చిప్‌లో రిజిస్టర్లని చిన్న చిన్న అరలుంటాయి. కొన్నింటిలో పిలిచినవాళ్ళ సామాను ఉంటుంది. వాటిని వాడుకోవాలంటే ముందు ఉన్నది భద్రంగా పక్కన పెట్టి, వెళ్ళేటప్పుడు ఎప్పటిలా సర్దాలి. ఈ మర్యాద అతనికి ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.

నెలరోజులుగా పరీక్షల్లో లెక్క తప్పుతోంది. వంద చుక్కలు పడితే పంపు నూట ముప్పై అంటోంది. "పాత అసెంబ్లీ, పాత బుర్ర" అని మేనేజరు మీటింగులో తేల్చేశాడు. ముక్కనూ మనిషినీ కలిపి తీసేయాలన్నారు. నిజంగానే తన పొరపాటేమోనని అతనూ నమ్మి, ఆ ఫైలు తెరిచి చూడనే లేదు.

అప్పగింతల కోసం ఇవాళ ఆ ఫైలు తెరిచాడు. మొదట్లో ఒక వరుస లేదు, చివర్లో ఒక వరుస లేదు. నాలుగో అరను భద్రపరిచేది ఒకటి, తిరిగి సర్దేది ఒకటి. మార్పుల చిట్టాలో ఎనిమిది నెలల కిందటి తేదీ, "అనవసరం, వేగం కోసం తీసేశాను" అన్న మాట, పక్కన మేనేజరు పేరు. అన్నాళ్ళూ ఆ అర ఖాళీగా ఉంది కనుక గొడవ రాలేదు. కిందటి నెల కొత్త సీ ప్రోగ్రాము చుక్కల లెక్కను సరిగ్గా అందులోనే దాచుకుంది; ఈ ముక్క వచ్చిన ప్రతిసారీ దాన్ని చెరిపి తన అంకె పెట్టి వెళ్తోంది.

పక్క సీటులోని టెస్టింగ్ ఆవిడ కప్పుతో టీ తెచ్చిపెట్టింది. "అన్నయ్యగారూ, మీరు వెళ్ళినట్టు ఆ కుర్చీకైనా తెలుస్తుందంటారా?"

"కుర్చీ మీటింగు గదిదమ్మా. వెళ్ళేటప్పుడు పెట్టేస్తాను."

రెండు వరుసలూ తిరిగి రాశాడు. "వెయ్యి చుక్కలు పోసి చూద్దామా?"

గంట పట్టింది. తెరమీద సరిగ్గా వెయ్యి.

"ఎవరు తీశారండీ ఆ వరుసలు?"

"ఏదో మంచికే తీసుంటారు లెండి."

అయిదింటికి గుర్తింపు కార్డు బల్లమీద పెట్టాడు. కుర్చీ మోసుకెళ్ళి మీటింగు గదిలో వేసి వచ్చాడు. కప్పు చేతిలోకి తీసుకుని కాసేపు నిలబడ్డాడు. ఆవిడ తల ఎత్తేసరికి లేడు.

పరీక్ష కాగితం పట్టుకుని మేనేజరు వచ్చాడు. "వెయ్యికి వెయ్యి ఎలా వచ్చింది? ఆయనేరీ?"

"వెళ్ళిపోయారు సార్. ఎప్పుడని అడక్కండి, ఆయన వెళ్తే తెలుస్తుందా?"

మేనేజరు వంగి అతని బల్లమీది తెర చూశాడు. మార్పుల చిట్టాలో తన పేరు దగ్గర ఆగిపోయాడు.

"తప్పు నాది" అన్నాడు, అందరికీ వినబడేలా. "ఆ రెండు వరుసలు తీసింది నేను. ఆయన సరిగ్గానే రాశారు."

కుర్చీ లేని బల్లమీద, అడుగున గుక్కెడు టీ మిగిలిన కప్పు కడగకుండా ఉంది.