ఫ్లెక్సీ మూలన నంబరు

ఫోటో లేనిదే సర్కారు సొమ్ము కదలదని హనుమకొండ, వరంగల్ కార్యాలయాల్లో ఒక గట్టి నమ్మకం ఉంది. మొక్క నాటినా, దుప్పటి పంచినా, కుట్టుమిషన్ ఇచ్చినా వెనుక ఫ్లెక్సీ ఉండాలి, ముందు పుచ్చుకునేవారు నిలబడాలి, పక్కన ఇచ్చేవారు నవ్వాలి. ఈ నియమం ఏ ఉత్తర్వులో ఉందో చెప్పగలవారు లేరు. ఏ ఉత్తర్వులోనూ లేదని చెప్పగలవారూ లేరు. ఫోటో లేకుండా బిల్లు పంపి చూసినవారు ఒక్కరూ లేకపోవడంతో ఆ నమ్మకం ఎన్నడూ పరీక్షకు నిలబడవలసిన అవసరం కలగలేదు.

మహిళా సంక్షేమ కార్యాలయంలో సూపరింటెండెంటుగా ఉన్న అరుణకు కూడా ఆ నమ్మకమే. ఆషాఢమాసపు శుక్రవారం ఉదయం ఆమె డేటా ఎంట్రీ ఆపరేటర్ హరీష్‌ను వెంటబెట్టుకుని ఆఫీసు జీపులో బయలుదేరినప్పుడు ఆమె గుబులంతా ఆ సాయంత్రం గడువు గురించే. ఇంట్లో దెబ్బలు తిన్న ఆడవాళ్లకు, అత్యాచారానికి గురైనవారికి ఆసరాగా నిలిచే సంస్థలకు మామూలుగా రావలసిన నిధులు చలికాలం నుంచి ఆగిపోయాయి. వాటికి బదులుగా అత్యవసర నిధి పేరిట జిల్లాకు కొంత సొమ్ము వచ్చింది. దాన్ని మూడు సంస్థలకు పంచాలి. ఆ సాయంత్రం అయిదింటిలోగా బిల్లులు పోర్టల్‌లో ఎక్కకపోతే మిగిలిన సొమ్ము వచ్చిన దారినే వెనక్కి పోతుంది. దవాఖానలోని సహాయ కేంద్రం పని, ఫోన్‌లో సలహాలిచ్చే కేంద్రం పని ముందురోజే ముగిశాయి. ఇక ఇల్లు వదిలి పారిపోయి వచ్చిన ఆడవాళ్లు తలదాచుకునే 'తోడు' గృహం ఒక్కటే మిగిలింది.

తోడు గృహానికి బోర్డు లేదు. కాలనీవాళ్ల దృష్టిలో అది ఉద్యోగాలు చేసే ఆడపిల్లల హాస్టల్. ఇల్లు వెంకట్రాజంది. ఆయన వరంగల్ బజారులో చీరల వ్యాపారి. కిరాయి రాకపోయినా నెలల తరబడి ఓపిక పట్టి, చివరికి సోమవారానికి పైసలు ముట్టకపోతే ఇల్లు ఖాళీ చేయాలని చెప్పేశాడు. లోపలున్న ఆడవాళ్లకు పోవడానికి వేరే చోటు లేదు. ఉంటే అక్కడికి వచ్చేవారే కాదు.

వార్డెన్ సుభాషిణి గేటు తీసింది. హరీష్ జీపులోంచి చుట్టగా చుట్టిన ఫ్లెక్సీని దించాడు.

"మేడం, గేటు ముంగట కడ్తె ఫోటోల మంచిగ పడ్తది."

"మేమైతే బోర్డే పెట్టుకోలే తమ్మీ," అన్నది సుభాషిణి. "నువ్వొచ్చి డప్పు కొట్టిస్తానవా?"

"లోపలనే కట్టు హరీష్," అన్నది అరుణ.

హాలులో రెండు కిటికీల ఊచలకు తాళ్లు కట్టి ఫ్లెక్సీని విప్పారు. 'అత్యవసర నిధుల పంపిణీ' అని పెద్ద అక్షరాలు, పక్కన జిల్లా అధికారి రాజేశ్వర్ రావు ముఖం, కింద మహిళల ఆశ్రయం అంటూ తోడు గృహం పేరు, కాలనీ పేరు, వీధి. వంట చేసే సమ్మమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడి చూసింది.

"ఈ సారు మొకం నా అన్నం గంజంత ఉన్నది. గంజుల బియ్యం బోస్తె పది మంది తింటరు. మొకంల ఏం బోస్తరు బిడ్డా?"

ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. కుడిచేతికి పిండికట్టుతో గోడవారగా నిలబడ్డ మానస కూడా నవ్వింది. ఆమె కాశిబుగ్గ నుంచి పారిపోయి ఇక్కడికి చేరి నెల కాలేదు. నవ్వుతూనే ఫ్లెక్సీని పైనుంచి కిందికి చూసింది. అచ్చు వేసినవారు తమ దుకాణం ఫోన్ నంబరును మూలన చిన్నగా వేసుకుంటారు కదా, అక్కడ ఆమె చూపు ఆగిపోయింది.

"ఇది ఏడ కొట్టిచ్చినవన్నా?"

"కాశిబుగ్గల. మా ఆఫీసుయన్ని ఆడనే. రాకేష్ అని ఒకాయన, ఉద్దెర ఇస్తడు, పైసలు తర్వాత ఇయ్యచ్చు."

"ఆయనే మా ఆయన," అన్నది మానస.

హరీష్ బిగిస్తున్న తాడు జారిపోయి ఫ్లెక్సీ ఒక పక్కకు వాలింది.

అరుణ హరీష్ వైపు తిరిగింది. "ఆయన చూసిండా హరీష్? సరిగ్గ యాద్జేసుకుని చెప్పు."

"పొద్దుగాల నేను పోయినప్పుడు ఆయన లేకుండె మేడం. మరిపెడల ఏదో ఫంక్షన్ ఉంటె ఫ్లెక్సీలు కట్టనీకె పోయిండట. మిషన్ మీద పనాయన ఉండె, ఆయనే కొట్టి ఇచ్చిండు."

"పొద్దు వాలంగనే వస్తడు," అన్నది మానస. ఆమె గొంతు వింతగా, పాఠం అప్పజెప్పినట్టుగా ఉంది. "రాంగనే కంప్యూటర్ ముంగట కూసుంటడు. ఆ రోజు కొట్టినయన్ని ఒక్కటిడువకుంట చూస్తడు. పనాయన తనకు తెల్వకుంట సొంత ఆర్డర్లు కొట్టుకుంటాండని ఆయనకు అనుమానం."

"నేను ఫోన్ చేసి ఫైలు తీసెయ్యమని చెప్త," అన్నాడు హరీష్.

"తీసెయ్యమంటె ఎందుకని చూస్తడన్నా. చూడనోడు గూడ చూస్తడు."

సుభాషిణి అప్పటికే పోలీసు స్టేషన్‌కు ఫోన్ కలిపింది. ఎవరైనా వస్తే చెప్పండి, వస్తామని అవతలివాళ్లు మర్యాదగానే చెప్పారు. వచ్చాక చెప్పడమంటే ఏమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. వీధిలో ఏదో బండి చప్పుడైంది. దాని చప్పుడు దూరమయ్యేదాకా ఒక్కరూ కదలలేదు.

రాకేష్ దుకాణానికి వచ్చేలోగా అందరినీ ఇక్కడి నుంచి తప్పించాలి, ఎక్కడికి తీసుకుపోవాలన్నదే ప్రశ్న. సుభాషిణికి ఫంక్షన్ హాల్ గుర్తొచ్చింది. వెంకట్రాజం కులసంఘంవాళ్లు కట్టుకున్న హాలది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు గనుక నెలంతా తాళం వేసి ఉంటుంది. ఆమె ఫోన్‌ను స్పీకర్ మీద పెట్టి వెంకట్రాజాన్ని అడిగింది.

"ఆషాఢంల హాల్ ఎందుకమ్మా? ఎవల పెండ్లి?"

"పెండ్లి కాదన్నా. పెండ్లిళ్లు అయినోళ్లే."

అవతల కాసేపు చీరల బేరం వినబడింది. తర్వాత ఆయన గొంతు తగ్గించాడు.

"కిరాయి?"

"సోమవారం."

"ఇంటిది సోమవారం, హాలుది సోమవారం. నీకు వారంల వేరే రోజే లేదానమ్మా? సరే, తాళంచెవి వాచ్‌మన్ రాజమౌళి తాన ఉన్నది. జర లైట్లు తక్కువేసుకోండ్రి."

ఆడవాళ్లు మూటలు కట్టుకుంటుండగా అరుణ వంటింట్లోకి పోయి రాజేశ్వర్ రావుకు ఫోన్ చేసింది. జరిగింది చెప్పింది. ఆయన మధ్యలో ఆపకుండా విన్నాడు.

"మంచి పని చేసినవమ్మా, తీసుకపో. గని ఫోటో?"

"తియ్యలేదు సార్."

"ఆడోళ్లను నిలబెట్టకు. ఉత్త ఇల్లే తియ్యి, ఫ్లెక్సీ కనబడితె చాలు. ముందుగాల మన గ్రూపుల పెట్టు, తర్వాత పోర్టల్ల ఎక్కియ్యి."

"గ్రూపుల పెడితె ఈ ఇల్లు ఊరందరికి తెలుస్తది సార్."

"ఫోటో లేకుంట బిల్లు పాస్ అయిన ముచ్చట నా సర్వీసుల నేను చూడలే. పైసలు వాపస్ పోతె సోమవారం వాళ్లను ఏడ పెడ్తవ్? ఆ ఫంక్షన్ హాల్ల ఎన్నిరోజులు ఉంచుతవ్? పైసలు ఎందుకు వాపస్ పోయినయని అడిగితె నేనైతె నీ పేరే రాయవలసి వస్తది. నువ్వే ఆలోచించుకో."

అరుణ ఫోన్ పెట్టేసింది. ఆ వాట్సాప్ గ్రూపులో ఆఫీసువాళ్లతోపాటు విలేకరులు ఉన్నారు, వార్డు నాయకులు ఉన్నారు, వాళ్ల వెంట తిరిగేవాళ్లూ ఉన్నారు. పోర్టల్‌లో ఎక్కిన ఫోటోనూ ఎవరైనా తెరిచి చూడవచ్చు. ఈ ఇంట్లో ఉన్న ప్రతి ఆడమనిషినీ వెతుక్కుంటూ ఒక మగవాడు ఎక్కడో ఒకచోట తిరుగుతున్నాడు. రాకేష్ వాళ్లలో ఒకడు మాత్రమే. ఫోటో పెడితే ఇల్లు పోతుంది. పెట్టకపోతే సొమ్ము పోతుంది. సొమ్ము పోతే ఇల్లూ పోతుంది, హాలూ పోతుంది. ఆమె ఈ లెక్క ఎన్నిసార్లు వేసుకున్నా మూడో దారి తేలలేదు.

జీపు రెండు తడవలు తిరిగింది. రెండోసారి సమ్మమ్మ, మానస, ఇద్దరు పిల్లలతో ఒక తల్లి ఎక్కారు. ఫ్లెక్సీని మడిచి సీటు కింద తొక్కిపెట్టారు. మానస పిండికట్టు మీద చున్నీ కప్పుకుంది. చౌరస్తా దగ్గర సిగ్నల్ పడినప్పుడు ఒక బైకు వచ్చి జీపు పక్కన ఆగింది. వెనుక సీటుకు ఫ్లెక్సీ చుట్టలు కట్టి ఉన్నాయి. మానస ఒక్కసారిగా మోకాళ్ల మీదికి వంగింది. హెల్మెట్ లోపలి మొహం అరుణకు కనబడలేదు. బైకతను అరుణవైపు తిరిగాడు, ఆఫీసు జీపు మీది అక్షరాలు చదివాడు, మళ్లీ ముందుకు చూశాడు.

"ఎట్లున్నడు?" అన్నది మానస వంగినచోటి నుంచే.

"ఎర్ర అంగీ. కాళ్లకు చెప్పులు. లావున్నడు."

"ఆయన కాదు."

సిగ్నల్ మారింది. సమ్మమ్మ మానస వీపు మీద చెయ్యి వేసి, హాలు గేటు దాకా తీయలేదు.

అరుణ కార్యాలయానికి చేరేసరికి గడువుకు ఇంకా కొద్దిసేపే ఉంది. హరీష్ పోర్టల్ తెరిచి సంస్థ పేరు, ఖాతా వివరాలు నింపాడు. చివరన ఫోటోకు ఒక గడి ఉంది.

"దీన్ని ఖాళీ పెడితె పోదు మేడం. ఎర్ర గీత వస్తది."

"నువ్వెప్పుడన్న ఖాళీ పెట్టినవా?"

"ఎవలు పెడ్తరు మేడం?"

అతని ఫోన్‌లో ఉదయం జీపు దిగగానే తీసిన గేటు ఫోటో ఒకటుంది. చూపించాడు. గేటు, పక్కన దానిమ్మ చెట్టు, వెనుక ఇంటి నంబరు. వేలితో ఒక్కసారి నొక్కితే పని అయిపోతుంది. అరుణ దాన్ని చాలాసేపు చూసింది.

"తీసెయ్యి," అన్నది.

"మేడం, మీ పేరు..."

"తీసెయ్యి హరీష్."

అతను తీసేశాడు. ఆమె అతన్ని లేపి కుర్చీలో కూర్చుని, రిమార్కుల గడిలో ఇలా టైపు చేసింది: 'ఆశ్రయం పొందుతున్నవారి భద్రత దృష్ట్యా ఛాయాచిత్రం జతపరచలేదు. సంస్థను స్వయంగా పరిశీలించాను.' కింద తన పేరు, హోదా రాసి మీట నొక్కింది. తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలైంది.

ఫోన్ మోగింది. సుభాషిణి.

"అక్కా, మన పక్కన ఇస్త్రీ చేసే మొగిలమ్మ ఫోన్ చేసింది. ఎవడో ఒకడు ఇంటి ముంగట బండి ఆపి తాళం గుంజుతాండట. ఈడోళ్లు ఏడికి పోయిండ్లని అడుగుతాండట."

"ఏం చెప్పిందట?"

"బోనాలకు ఊర్లకు పోయిండ్లన్నదట. స్టేషనుకు ఫోన్ చేసిన. వస్తానం అన్నరు."

"మానసకు చెప్పినవా?"

"చెప్పలే. మిమ్ముల అడిగి చెప్దామని..." సుభాషిణి మాట మార్చింది. "బిల్లు పోయిందా అక్కా?"

చక్రం ఇంకా తిరుగుతోంది. హరీష్ ఆమె కుర్చీ వెనుక నిలబడి, వీపు పట్టెను రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

"తిరుగుతాంది," అన్నది అరుణ.

ఎర్ర గీత రాలేదు. పోర్టల్ బిల్లును తీసుకుంది. పోలీసులు వెళ్లేసరికి ఇంటి ముందు ఎవరూ లేరు. తాళం వంగి ఉంది గానీ ఊడలేదు. మర్నాడు రాకేష్‌ను దుకాణంలోనే పట్టుకుని స్టేషన్‌కు తీసుకెళ్లారు, సాయంత్రం పూచీకత్తు మీద వదిలేశారు. ఫోటోతో పంపిన ఫోన్ కేంద్రం బిల్లు ఒక సంతకం లేదని తిరిగొచ్చింది. దవాఖాన కేంద్రం బిల్లు, తోడు గృహం బిల్లు మంజూరయ్యాయి. తోడు గృహం సొమ్ము సోమవారం మధ్యాహ్నం ఖాతాలో జమ అయింది. ఫోటో ఏదని ఎవరూ అడగలేదు. ఆడవాళ్లు ఆ ఇంటికి తిరిగి పోలేదు. శ్రావణం రాకముందే వేరే కాలనీలో ఇంకొక ఇంట్లో చేరారు. మానస వాళ్లతోపాటే ఉంది.