సోమమ్మ వంక పెట్టలేదు

పోచయ్య వంట గురించి యూనివర్సిటీ హాస్టల్లో రెండు అభిప్రాయాలు లేవు. ఉన్నది ఒక్కటే. అది ముప్పై ఒక్క ఏళ్లుగా మెస్ గుమ్మం పక్కన దారంతో వేలాడే ఫిర్యాదుల రిజిస్టర్లో రాసి ఉంటుంది. పిల్లలు మారారు, చేతిరాతలు మారాయి, అభిప్రాయం మారలేదు. పోచయ్య నొచ్చుకునే రకం కాదు. మెస్ కమిటీ కొలిచి ఇచ్చిన నూనెతో మూడు వందల మందికి వండాలి. పెళ్లివారింట్లో అయితే ఆ నూనె అప్పడాలకు కూడా చాలదు. అందుకని ఉల్లిగడ్డలను ఉప్పేసి మూత పెట్టి వాటి నీళ్లలోనే మగ్గించడం, చిక్కదనానికి వేయించిన పల్లీల పొడి కలపడం, ఉన్న నూనెలో సగం దాచి చివర్లో కారంతో కాచి కూర మీద పోయడం అతను నేర్చుకున్నాడు. పైన ఎర్రగా తేలుతుంటే పిల్లలు గంటె ముంచేదాకా సంతోషంగా ఉంటారు.

ఆకలి రుచెరుగదంటారు. దేశంలో మెస్ వంటవాళ్లందరూ ఆ సామెత మీదే బతుకుతున్నారు. అది కాక పోచయ్యకు సొంత సిద్ధాంతం ఒకటి ఉంది: తిట్టేవాడు తింటాడు. కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుని, పెన్ను అడిగి తీసుకుని మరీ తిట్టేవాడి గురించి దిగులు అక్కర్లేదు. ఏమీ రాయకుండా పోయేవాడు తార్నాక చౌరస్తాలో ఫ్రైడ్ రైస్ తిని వచ్చినవాడు. ఒకసారి వారం రోజులు రిజిస్టర్లో ఒక్క ముక్క కూడా లేకపోతే వార్డెన్ మురిసిపోయి పోచయ్యను పిలిచి మెచ్చుకున్నాడు. పోచయ్య తల గోక్కుని, అయితే పూటకు పది కిలోల బియ్యం తగ్గించమంటారా అని అడిగాడు. హాజరు చూస్తే సగం మంది మెస్‌కే రావడం లేదు.

ఈ సంగతులేవీ అతని భార్య సోమమ్మకు తెలియవు. తార్నాకలో ఒక మూడంతస్తుల బిల్డింగులో కింది రెండు గదులు వాళ్లవి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పిల్లలు నీ వంట తింటున్నారా అని ఆమె అడిగింది. ప్లేట్లు నాకుతున్నారని పోచయ్య చెప్పాడు. ఒకసారి చెప్పాక ముప్పై ఒక్క ఏళ్లూ అదే చెప్పాల్సి వచ్చింది. రచ్చ గెలవని మనిషి ఇంట గెలిచాడు, అదీ ఉత్త మాటలతో. సోమమ్మ ఆ మాటను సందులో అందరికీ, మౌలాలిలో ఉండే చెల్లెలికీ, చర్చిలో పక్కన కూర్చునేవాళ్లకూ చెప్పుకుంది. కూతురు నవనీత పెళ్లికి నువ్వే వండాలని పట్టుబట్టింది కూడా. పెళ్లికూతురి తండ్రి గంటె పట్టుకుంటే మర్యాద కాదని అతను గండం గట్టెక్కాడు.

ఇంట్లో వంట ఆమెది. ఆమె చేతి కూరలో నూనె వేలు మందాన తేలేది. సర్వపిండికి బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి, గిన్నె లోపల పల్చగా ఒత్తి, వేలితో గుంటలు పెడతారు. ఆ గుంటల్లో నూనె చుక్కలు వేయడం లోకాచారం. సోమమ్మ వాటిని నింపేది. పోచయ్య ఏ రోజూ వద్దనలేదు.

తిన్న నూనె ఊరికే పోదు. ఈ ఏడు ఎండలు ముదరకముందే సోమమ్మకు కళ్లు మసకలు కమ్మాయి. పరీక్ష చేయిస్తే షుగర్ మూడు వందల నలభై. డాక్టరమ్మ గోళీలు రాసి, ఏం తినాలో ఒక కాగితం మీద అచ్చువేసి ఇచ్చింది. అన్నిటికన్నా ముఖ్యం టైము అంది. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా తినాలి. గోళీ వేసుకుని తినకపోతే షుగర్ ఒక్కసారిగా పడిపోతుందని, ఆ సమయానికి పక్కన మనిషి లేకపోతే ఇక లేవకపోవచ్చని మరీ మరీ చెప్పింది.

నవనీత మల్కాజ్‌గిరి నుంచి రోజు విడిచి రోజు బస్సులో వచ్చి తల్లికి ఇష్టమైనవన్నీ నూనె లేకుండా చేసి పెట్టసాగింది. అన్నీ ఫోన్లో చూసి నేర్చుకున్నవే. కాలీఫ్లవర్ తురిమి బిర్యానీ అంది. శనగపిండి ముట్టకుండా మిర్చి బజ్జీ అంది. ఓట్స్ రుబ్బి సర్వపిండి అంది. సోమమ్మ రెండు ముద్దలు తిని, మంచిగున్నది బిడ్డా అని, మిగతాది మూత పెట్టేది. అమ్మకు నచ్చిందని నవనీత సంతోషంగా బస్సెక్కేది. నెలన్నరలో సోమమ్మ ఏడు కిలోలు తగ్గింది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు.

భయపడింది పోచయ్య ఒక్కడే. పెళ్లి భోజనమైనా, చావు భోజనమైనా తిని ఇంటికొచ్చి గంటసేపు వంకలు చెప్పే మనిషి సోమమ్మ. ఒకరింటి మంచినీళ్లలో ఉప్పు ఎక్కువైందని చెప్పిన మనిషి. అలాంటిది నెలన్నరగా అన్నీ మంచిగున్నాయంటోంది. వారం రోజులు ఖాళీగా ఉన్న రిజిస్టర్ అతనికి గుర్తొచ్చింది. అనుకున్నంతా అయింది. ఒక మధ్యాహ్నం సోమమ్మ గోళీ వేసుకుని, తినకుండా, అంట్లు తోముతూ కుళాయి దగ్గరే పడిపోయింది. పై అంతస్తులో ఉండి గ్రూప్స్‌కు చదువుకునే ప్రవళిక అనే పిల్ల చూసి, నోట్లో చక్కెర నీళ్లు పోసి, పోచయ్యకు ఫోన్ చేసింది. అతను వచ్చేసరికి సోమమ్మ లేచి కూర్చుని, ఏం కాలేదని అందరికీ సర్దిచెబుతోంది.

మర్నాడే నెల రోజులు సెలవు పెట్టాడు. వంట తనే చేస్తానన్నాడు. కళ్లద్దాలు పెట్టుకుని డాక్టరమ్మ ఇచ్చిన కాగితం రెండుసార్లు చదివాడు. మనిషికి పూటకు చెంచా నూనె, పల్చటి పప్పు, కూరగాయ ఎక్కువ, ముక్క తక్కువ. ఇది మెస్‌లో మంగళవారం మెనూ. అతని వంటను చదువుకున్న మనిషి ఒకరు సిఫారసు చేయడం అదే మొదలు.

చిక్కల్లా కొలత దగ్గర వచ్చింది. అతని చేతికి మూడు వందల మంది లెక్క తప్ప వేరే లెక్క తెలియదు. ఎనిమిది గుప్పెళ్ల ఉప్పును నూట యాభైతో భాగిస్తే ఎంతొస్తుందో స్టవ్ ముందు నిలబడి పావుగంట ఆలోచించాడు. చివరికి ఇద్దరికి వండటం తన వల్ల కాదని తేల్చుకుని ఇరవై మందికి వండి, మిగిలింది బిల్డింగంతా పంచాడు. మూడంతస్తులవాళ్లూ ఆ పూట షుగర్ పేషెంట్ల భోజనం చేశారు. ప్రవళిక గిన్నె తిరిగిచ్చి, తను చదివిన హాస్టల్ గుర్తొచ్చిందని చెప్పింది. పోచయ్య దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాడు.

సోమమ్మ ముందు పళ్లెం పెట్టి, గంటె పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. మెస్‌లో అంతే, తినేవాళ్లు లేచేదాకా వంటవాడు కూర్చోడు. ఆమె రెండు ముద్దలు తింది. తలెత్తి అతన్ని చూసి, మంచిగున్నది అంది. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆమె అతనితో మర్యాదగా మాట్లాడింది ఆ రోజే.

తర్వాత పదిరోజులూ అంతే. కొర్రలతో బగారన్నం వండాడు, మంచిగున్నది. కోడి కూరలో సగం కోడి తీసేసి సొరకాయ వేశాడు, మంచిగున్నది. ఒక రోజు పరీక్షిద్దామని పచ్చిపులుసులో చింతపండు వేయనే లేదు. అది కూడా మంచిగున్నది. ఇక ఉండబట్టలేక, నీకు దండం పెడతా, ఏదో ఒక వంక పెట్టమని బతిమాలాడు. వండి పెట్టిన చేతికి వంక పెడితే పాపం తగులుతుందని ఆమె పళ్లెం మీద మూత పెట్టింది. చేతి గాజులు అరచేతి దాకా జారాయి. ఆ చెయ్యి చూసి పోచయ్యకు ఏడుపొచ్చింది. వంటింట్లోకి పోయి ఉల్లిగడ్డలు కోశాడు, అవి ఆ పూట దేనికీ అక్కర్లేకపోయినా.

పన్నెండో రోజు పొద్దున్నే యూనివర్సిటీకి నడిచి వెళ్లాడు. మెస్ క్లర్కును అడిగి, పాత రిజిస్టర్ ఒకటి బీరువాలోంచి తీయించి, గుడ్డ సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చాడు. ఆ రోజు సర్వపిండి చేశాడు. సగం జొన్నపిండి, సగం బియ్యప్పిండి, తురిమి నీళ్లు పిండని సొరకాయ, గుప్పెడు పల్లీలు. గిన్నెలో ఒత్తి, నాలుగే గుంటలు పెట్టి, గుంటకొక చుక్క నూనె వేశాడు. మూత పెట్టి సన్న మంట మీద ఉంచాడు. అడుగు ఎర్రగా కాలాక తీసి ఆమె ముందు పెట్టాడు. ఒంటిగంట కావడానికి పది నిమిషాలుంది.

ఆ తర్వాత ఒక చేత్తో గంటె అలాగే పట్టుకుని, ఇంకో చేత్తో సంచిలోంచి రిజిస్టర్ తీసి, నిలబడే చదవడం మొదలుపెట్టాడు. సోమమ్మకు చదువు రాదు కాబట్టి అక్షరం వదలకుండా చదివాడు. ఈ రోజు పప్పులో పప్పు కనిపించింది, పొరపాటు సరిదిద్దగలరు. సాంబారులో ముఖం చూసుకుని తల దువ్వుకున్నాను. కోడి కూరలో కోడిని చివరిసారి చూసినవారు ఆఫీసులో తెలుపగలరు. పోచయ్యగారు మంచివారు, కూర కాదు. ఒక్కొక్కటీ పాఠం అప్పజెప్పినట్టు చదువుతున్నాడు గానీ చెవులు కాలిపోతున్నాయి. ముప్పై ఒక్క ఏళ్లు దాచుకున్న పరువును పేజీ తర్వాత పేజీ తనే తీసి నేల మీద పెడుతున్నాడు. తొమ్మిదో పేజీ దగ్గర సోమమ్మ ఆపమంది.

"ఇవన్ని నీ వంట గురించేనా?"

"నా వంట గురించే."

"మరి ప్లేట్లు నాకుతున్నరంటివి?"

"అబద్ధం చెప్పిన," అన్నాడు పోచయ్య. "ఒక్కడన్న నాకలే. గిన్ని తిట్టిన పోరగాండ్లు గూడ సుబ్బరంగ తిన్నరు. నువ్వు మంచిగున్నదనుకుంటనే చచ్చిపోయేటట్టున్నవు. నన్ను తిట్టుకుంట తిను. నాకేం పరువు పోతది, ఉంటె గద."

సోమమ్మకు కోపం రాలేదు. సందంతా చెప్పుకున్న గొప్పలు గుర్తొచ్చి కొంచెం సిగ్గేసింది, అంతే. ఈ మనిషి రోజూ అన్ని తిట్లు తిని, మూడున్నరకు నవ్వుతూ ఇంటికొచ్చేవాడని తలుచుకుంటే జాలేసింది. అతను నిజం చెప్పాక తను దాచడం న్యాయం కాదనిపించింది. గంటె పట్టుకుని నిలబడ్డ మొగుణ్ణి కిందినుంచి మీదిదాకా చూసింది.

"నువ్వు గిన్నేండ్లు అబద్ధం చెప్పినవు, నేను రెండు నెలలు చెప్పిన," అంది. "బిడ్డ వండింది మంచిగ లేదు. నువ్వు వండింది అంతకన్న మంచిగ లేదు. కాని ముద్ద దిగంది అందుకు కాదయ్యా. మూడున్నరకు నువ్వొచ్చినంక ఇద్దరం కూసోని తినేటోళ్లం. ఎన్నడన్న నేనొక్కదాన్నె తిన్ననా? డాక్టరమ్మ ఒంటిగంట అన్నది. ఒంటిగంటకు ఇంట్ల ఎవలుంటరు? గోడ దిక్కు చూసుకుంట తినాల్నా?"

పన్నెండు రోజులుగా ఇంట్లోనే ఉన్నాను కదా అని పోచయ్య నసిగాడు.

"ఉన్నవు. గంటె పట్టుకొని నెత్తి మీద నిలబడ్డవు. నేనేమన్న హాస్టల్ పిల్లనా?"

పోచయ్య చేతిలోని గంటెను చూసుకున్నాడు. పన్నెండు రోజులు ఉప్పును భాగించాడు, నూనెను చుక్కల్లో లెక్కపెట్టాడు, కోడికి బదులు సొరకాయ వేశాడు. పక్కన కూర్చోవడం మాత్రం తోచలేదు. గంటె కింద పెట్టాడు. ఇంకో పళ్లెం తెచ్చుకుని ఆమెకు ఎదురుగా చాప మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం వంట మానేసి పొద్దుటి టిఫిన్ల డ్యూటీకి మార్చమని వార్డెన్ను అడుగుతానని, పదకొండుకల్లా ఇంటికొచ్చేస్తానని పళ్లెంలోకి చూస్తూ చెప్పాడు. సోమమ్మ సర్వపిండిని రెండుగా విరిచి, పెద్ద ముక్క అతని పళ్లెంలో వేసి, తన ముక్క కొరికింది.

నమిలింది. మళ్లీ కొరికింది. సొరకాయ తురుము మరీ లావైందంది. పల్లీలు వేయించకుండా వేశాడంది, నువ్వులు మర్చిపోయాడంది, కరివేపాకు కడిగాడో లేదో దేవుడికే తెలియాలంది. నాలుగు గుంటలు పెట్టడం సర్వపిండికే అవమానమంది. ఆమె పళ్లెంలో ముక్క అయిపోయింది. ఉప్పు సంగతి మాత్రం ఇంకా తేలలేదని, ఇంకొకటి తింటే గానీ చెప్పలేనని అంది.

పోచయ్య గిన్నె అందుకుని లేవబోయాడు. సోమమ్మ అతని మణికట్టు పట్టుకుంది.

"ముందు నీది తిను," అంది. "నాకు ఆకలైనా ఆగుత."

పోచయ్య కూర్చున్నాడు.