ఎలుగుబంటి కళ్ళు

మధ్యాహ్నం నుంచీ అక్క కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. వాకిట్లోకి, పనిగదిలోకి, మళ్ళీ వాకిట్లోకి. సాయంత్రం ఊళ్ళో వేషాల ఊరేగింపు. అన్ని వేషాలకీ ముందు నడిచేది ఆమె చెక్కిన ఎలుగుబంటి ముఖం, దాన్ని పెట్టుకునేది తమ్ముడు. అది తనంతట తాను పగిలేదాకా ఇంకో ముఖం ముందుకు రాకూడదని ఊరి కట్టుబాటు. ఇప్పుడది బల్లమీద నిగనిగలాడుతోంది. కాకపోతే, చూసేందుకు దానికి కన్నాల్లేవు.

ఎవరి నిర్వాకం? ఆవిడదే. పట్నంలో కళాప్రదర్శనకి పంపేటప్పుడు, గోడకి తగిలిస్తే ఉత్త కన్నాలు బోసిగా ఉంటాయని, రంపపు పొట్టూ జిగురూ కలిపి పూడ్చేసి పైన కళ్ళు గీసింది. అవీ కళ్ళంటే! కోపమూ బెంగా ఒక్కచోటే ఉన్నాయి. మొదటి బహుమతి వాటికే వచ్చింది. ఊరేగింపు కాగానే తిరిగి పంపండి, రాజధానిలో పెడతాం అన్నారు. ముఖాలు చేసే ఇంట పుట్టి ముఖానికి కళ్ళు మూసేసిన మనిషిని ఏమనాలి? అలాగని ఆశ తప్పా? ఇన్నేళ్ళు చెక్కినా, చేసిందెవరని అడిగిన నాథుడు లేడు మరి.

తమ్ముడు నడుముకి గంటలు కట్టుకుని వచ్చాడు. ముఖం ఎత్తి, తిప్పి చూశాడు.

"ఇదేంటక్కా, కన్నాలేవి?"

"తొలిచేస్తా ఉండు," అని అక్క ఉలి తీసింది. చెయ్యాడలేదు.

తమ్ముడు ఆమె చేతిని చూశాడు, ఆ కళ్ళని చూశాడు. "ఉండనీలే. ఆ వీధి నాకు కొత్తా? గుడ్డిగా నడిచేస్తా."

"పడతావురా."

"పడితే లేస్తా. నీకు బహుమతి తెచ్చిన కళ్ళు, తొలిచేస్తే మళ్ళీ వస్తాయా?"

వద్దనాలి. అనలేదు. అననందుకు ఆమెకే సిగ్గేసింది.

వాయిద్యాలు మొదలయ్యాయి. తమ్ముడు ధీమాగానే అడుగేశాడు. ఉలి గుప్పిట్లోనే పెట్టుకుని, జనాన్ని తోసుకుంటూ అక్క పక్కనే నడిచింది. రొట్టెల కొట్టు దాకా బాగానే వెళ్ళాడు. అక్కడ గొట్టాల కోసం కొత్తగా గుంట తవ్వారు. అతనికి తెలిసిన వీధిలో ఆ గుంట లేదు. మోకాళ్ళమీద దభీమని పడ్డాడు. ఇదీ వేషంలో భాగమే అనుకుని జనం నవ్వారు. అతను లేవకుండా, దారెటో తెలియక రెండు చేతులతో నేల తడుముకుంటున్నాడు.

అక్క ఒక్క ఉదుటున అతన్ని చేరి ముఖం ఊడదీసి ఒళ్ళో పెట్టుకుంది.

"బహుమతి..." అన్నాడు తమ్ముడు.

"నోర్ముయ్," అని ఉలి దించింది. ఒక కన్ను. రెండో కన్ను. రంగు పెచ్చులు ఒళ్ళో రాలాయి. నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చేసింది. ఏడుస్తూనే ముఖం తిరిగి వాడికి కట్టి, ముడి బిగించింది. గరుకు కన్నాల వెనక తమ్ముడి కళ్ళు కదిలాయి.

"కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది. ముందు ఆ ముక్కు తుడుచుకో అక్కా, జనం చూస్తున్నారు."