ఎర్రగా కాలిందా?

నేనొక అట్ల పెనాన్ని. నలుపులో నాకు సాటి ఆ వీధిలో ఎవరూ లేరు. నరసాపురంలో ఒక కమ్మరి నన్ను సాగగొట్టి, కూతురు భ్రమరాంబకి సారెతో పాటు ఇచ్చాడు. ఆమె మెట్టింది బంగారప్పని చేసే ఇల్లు. అక్కడ ఇనుముకి మర్యాద ఏముంటుందని భయపడ్డాను. కానీ బంగారం బీరువాలో ఉంటుంది, నేను పొయ్యి మీద ఉంటాను. ఎవరి అవసరం ఎక్కువో మీరే చెప్పండి.

ఆమె మావగారు విశ్వనాథాచారికి షుగరు ముదిరి చూపు పోయింది. బంగారప్పని వాడికి చూపు పోతే చేతులు పోయినట్టే. పనిముట్లు కొడుకులకిచ్చేసి, వంటింటి గుమ్మంలో కూర్చుని, అట్టు వేసినప్పుడల్లా "ఎర్రగా కాలిందా?" అని అడిగేవారు. "కాలింది మావయ్యగారూ" అనేది భ్రమరాంబ. మాడినా అదే మాట. ఆయన నమ్మి తినేవారు. ఇనుమునైనా నాకు జాలేసేది.

ఆయన పోయాక కొడుకులిద్దరికీ పరీక్షలు చేసిన డాక్టరమ్మ, "షుగరు ఇంకా రాలేదు గానీ గుమ్మం దాకా వచ్చింది" అన్నదట. ఇద్దరికీ తండ్రి కళ్లు గుర్తొచ్చి హడలిపోయారు.

చిన్నవాడు సాంబాచారి, భ్రమరాంబ మొగుడు, గోదావరి గట్టు మీద నడక మొదలుపెట్టాడు. తిరిగొచ్చి, "నడిచొచ్చాంగా, అంతా అరిగిపోద్ది" అని అట్టు మీద అట్టు లాగించేవాడు. భార్య పోయి తమ్ముడి దగ్గరే ఉంటున్న పెద్దవాడు నాగలింగాచారి పీట మీంచి కదలడు. రాత్రిపూట అన్నం మాత్రం మానేశాడు. మా ఇంటి లెక్కలో అన్నం ఒక్కటే తిండి. ఒక్కపొద్దు నాడు కూడా అట్టు తింటే ఉపవాసం చెడదు. కాబట్టి ఆ పెద్దమనిషి రోజూ నా మీద పడ్డాడు, నెయ్యితో సహా. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టు అని సామెత ఉంది. గిన్నెలోంచి పెనం మీద పడ్డవాళ్లకి లేకపోవడం లోటే.

"ఊరంతా తిరిగితే రోగం పోద్దేంట్రా? నోరు కట్టుకోవాలి" అనేవాడు అన్న, నాలుగో అట్టు తుంచుతూ.

"కూర్చుని తింటే కొండలు కరుగుతాయి గానీ షుగరు కరగదన్నయ్యా" అనేవాడు తమ్ముడు.

మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లేరోజున భ్రమరాంబ నన్ను తోమి సంచిలో పెట్టుకుంది. అక్కడ పరీక్ష చేసి చూస్తే ఇద్దరికీ షుగరు ఇంకాస్త పెరిగింది.

"నేను నడుస్తున్నానండి."

"నేను రాత్రిళ్లు అన్నం ముట్టట్లేదండి."

ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. భ్రమరాంబ నన్ను తీసి బల్ల మీద పెట్టింది. బావగారి ముందు ఏనాడూ గొంతెత్తని మనిషి.

"ఇద్దరూ చెప్పింది నిజవేనండి. మిగతాది దీన్నడగండి. మా మావయ్యగారికి చెప్పినట్టు వీళ్లక్కూడా ఎర్రగా కాలిందని చెప్పే ఓపిక నాకు లేదండి" అంది.

డాక్టరమ్మ నన్ను చూసి నవ్వబోయి ఆగిపోయింది. "ఒకరు నడిచి తిన్నారు, ఒకరు మానేసి తిన్నారు. మీ ఇద్దర్నీ కలిపితే ఒక మంచి పేషెంటు అయ్యేవారు. నడకా కావాలి, పళ్లెంలో ఏముందో చూసుకోవడమూ కావాలి. ఇప్పటికైతే ఇంకా మీ చేతిలోనే ఉంది" అంది.

ఇప్పుడు నేను వంటింట్లో మేకుకి వేలాడుతున్నాను. అన్నదమ్ములిద్దరూ కలిసి గట్టు మీదికి వెళుతున్నారు, దారంతా పోట్లాడుకుంటూ. రాత్రి కూర ఎక్కువ, అన్నం గుప్పెడు. నాకు ఆదివారం ఒక్కటే పని. నా పరువేమీ పోలేదు. మేకు మీంచి కూడా వంటిల్లు బాగానే కనిపిస్తుంది.

మొన్న ఆదివారం నాగలింగాచారి తన వంతుకొచ్చిన ఒక్క అట్టునీ కిటికీ వెలుగులోకి ఎత్తి, నగ చూసినట్టు అటూ ఇటూ తిప్పాడు.

"ఎర్రగా కాలిందమ్మా" అన్నాడు.

ఎవర్నీ అడగలేదు. తనే చూసి చెప్పాడు.