పాలకూర మీదికి నడవాల్సిన ఇల్లు

మెర్టన్‌కి ఏదైనా ఊరికే తోచదు. ఎక్కడో చూసి రావాలి, నెల రోజులు గొణుక్కోవాలి, ఆపైన పెళ్ళాం హల్డా ప్రాణం తియ్యాలి. ఈసారి వేసవి సంతలో ఎవడో కదిలే గ్రీన్‌హౌస్ నిలబెడితే చూసొచ్చాడు. ఇనప గొట్టాలు విల్లులా వంచి, కింద రెండు చెక్క దూలాలకు బిగించి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పడమే. మొత్తం ఇంటిని ట్రాక్టరుకు కట్టి ఈ మడి మీంచి ఆ మడి మీదికి లాగెయ్యొచ్చు.

"లాగడం దేనికి? ఉండాల్సిన చోటే కట్టు," అంది హల్డా.

"అప్పుడది కదిలే గ్రీన్‌హౌస్ ఎలా అవుతుంది?"

మగవాడి బుర్రకు మందు లేదనుకుని ఆవిడ లోపలికి పోయింది. అయినా ఆశ లేకపోలేదు. ఆగస్టులో మోకాళ్ళ మీద పాకుతూ మడి నిండా పాలకూర చల్లింది ఆవిడే. అమెరికాలో ఉత్తరాన ఉండే ఆ మెయిన్ రాష్ట్రపు చలికి ఆరుబయట ఏ ఆకూ బతకదు. పట్టా కింద ఉంటేనే బతుకుతుంది. డిసెంబరు మొదటి శనివారం పచ్చని ఆకు తెచ్చినవాళ్ళకే ఊరి హాల్లో జరిగే చలికాలపు సంతలో సరుకు పెట్టి అమ్ముకోడానికి బల్ల ఇస్తారు. ఆ బల్ల కోసం హల్డా ఏళ్ళ తరబడి కళ్ళు కాయలు కాచేలా చూస్తోంది.

మెర్టన్ కొట్టంలో గొట్టాలు వంచాడు. మొదటివి వంకరపోయాయి. "ఇవి మనింటి గేటుకు పనికొస్తాయి," అన్నాడు సిగ్గులేకుండా. చివరికి పాలకూర పక్క మడిలో, టమాటా మొక్కల మీద ఇల్లు లేచింది. అవి కాసి అయ్యాక, చలి ముదిరే లోపల పాలకూర మీదికి లాగాలని ఎత్తు. ముందు గోడకు అడుగున, నేలకు ఆనుకునేలా ఓ బలమైన పలక మేకులతో దిగ్గొట్టి, "చీమ కూడా దూరదు చూడు," అని మురిసిపోయాడు. ఆ టమాటాలు కాసిన నాలుగు కాయల్ని ఊరంతటికీ చూపించాడు కూడా.

రోడ్డు మీద పొరుగింటి కోల్బీ రోజూ తన ట్రక్కు ఆపి గుడ్లప్పగించి చూసేవాడు. దిగేవాడు కాదు. అడగని సాయం చెయ్యబోతే అవమానించినట్టని అక్కడివాళ్ళ లెక్క. సాయం అడిగితే జన్మంతా తలొంచుకు తిరగాలని ఇంకో లెక్క. ఈ రెండు లెక్కల మధ్యా ఎన్ని కొట్టాలు కూలాయో, ఎన్ని ఆవులు బురదలో కూరుకుపోయాయో!

నవంబరులో ఓ మధ్యాహ్నం రేడియోలో చెప్పారు, ఆ రాత్రి నేల గడ్డకడుతుందని. దూలాలు గడ్డకట్టిన బురదలో బిగుసుకున్నాయంటే వసంతం దాకా ఇల్లు అంగుళం కదలదు. పాలకూర తెల్లారేసరికి చచ్చూరుకుంటుంది.

"కోల్బీని పిలువు. ముందు కొస నలుగురు ఎత్తిపట్టుకోవాలి," అంది హల్డా.

"మనకొకడి సాయమా? నా ట్రాక్టరుంది."

పాలకూర మడికి అవతల ట్రాక్టరు నిలిపి, తాడు కట్టి, మెర్టన్ లాగడం మొదలెట్టాడు. ఇల్లు కదిలింది. నిజంగానే కదిలింది! చీమ దూరని ఆ పలక మాత్రం మంగలి కత్తిలా మడి మీదికి వచ్చి పాలకూరను వేళ్ళతో సహా గొరుక్కుంటూ పోయింది.

"ఆపు! ఓరి దేవుడా, ఆపవయ్యా!" అని హల్డా అరిచింది. ఇంజను మోతలో ఆయనకేం వినబడుతుంది? నవ్వుతూ చెయ్యూపాడు. ఆవిడ పరిగెత్తి తాడుకు అడ్డం నిలబడితే గాని ఆగలేదు. అప్పటికి సగం మడి గుండు కొట్టించుకుంది.

మెర్టన్ దిగి చూసి, టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "రేపు పలక ఊడదీసి..."

"రేపేముంటుంది నీ తలకాయ!"

హల్డా రోడ్డు మీదికి నడిచింది. కోల్బీ ట్రక్కులో బెల్లం కొట్టిన రాయిలా కూర్చునున్నాడు.

"ఆ పలక కిందికుందని చూశావా?"

"పలక కొట్టిన రోజే చూశా."

"మరి నోరు పడిపోయిందా?"

"మీరు అడగలేదుగా, హల్డా."

ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. వాడి మీద, మొగుడి మీద, నిలబడ్డ నేల మీద కూడా. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ మాత్రం ఎవర్ని ఏం అడిగింది గనక? ట్రక్కు తలుపు లాగి అంది, "ఇప్పుడడుగుతున్నా. దిగు."

కోల్బీ హారన్ కొట్టాడు. కంచె అవతల నించి అతని భార్యా, ఇద్దరు తమ్ముళ్ళూ వచ్చేశారు. చేతితొడుగులు ముందే వేసుకుని ఉన్నారు దొంగ మొహాలవాళ్ళు. ముందు కొస అందరూ ఎత్తిపట్టుకుంటే, మెర్టన్ మెల్లగా లాగాడు. మిగిలిన ఆకుల మీద పలక ఆనకుండా ఇల్లు వెళ్ళి కూర్చుంది. చీకటి పడేలోపే అయిపోయింది.

"చూశావా, కదిలింది," అన్నాడు మెర్టన్.

హల్డా మిగిలిన వరసలు లెక్కపెట్టుకుంది. బల్ల కోసం ఆ డిసెంబరు శనివారం సగం మడి ఆకుతోనే వెళ్ళాలి. ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. గొరిగిపోయిన ఆకంతా ఏరుకుని, నాలుగు నీళ్ళలో కడిగి, బీన్సు పక్కన ఉడకేసింది. కోల్బీని కూడా కూర్చోబెట్టి ఇద్దరి పళ్ళేల్లోనూ గుట్టగా వడ్డించింది.

"తినండి. మీ ఇద్దరి పరువూ కలిపి వండాను."

పంటి కింద ఇసుక కరకరలాడింది. పైగా ఉప్పు లేదు. ఉప్పు సీసా హల్డా మోచేతి దగ్గరే ఉంది. మెర్టన్ దానికేసి చూశాడు. కోల్బీ కూడా చూశాడు. ఇద్దరూ పళ్ళేలు ఖాళీ చేసి లేచారు గాని, ఒక్కడూ అడగలేదు.