కుట్టు కింద కాగితం

నిజాంపట్నం హార్బరు పక్క పల్లెలో వీరరాఘవమ్మ జాకెట్ల మీద పూలూ తీగలూ చేత్తో కుడుతుంది. ఆ పనిలో సగం ఆమెది, సగం కూతురు పద్మజది. పద్మజ కాగితాన్ని మడత పెట్టి, గీత గీసుకోకుండానే చిన్న కత్తెరతో డిజైను కత్తిరించేది. తల్లి దాన్ని గంజితో బట్టకి అంటించి, కాగితం కనపడకుండా పైన దారం కప్పేసేది. కాగితం లోపలే ఉండిపోతుంది. అందుకే కుట్టు ఉబ్బెత్తుగా నిలబడేది. ఒక కాగితం ఒక్క జాకెట్టుకే. ఇంకోటి కావాలంటే అన్నం ఉడికే లోపల పద్మజ ఇంకోటి కత్తిరించి పడేసేది.

అన్నిట్లోకీ పేరు పడింది రొయ్యల తీగ. రెండు రొయ్యలు ఎదురెదురుగా, వాటి మీసాలు మెలికలు తిరిగి తీగలైపోతాయి. దూరానికి మల్లెతీగే. తెనాలిలో బట్టల షాపు పెట్టుకున్న మాధురి ఆ జాకెట్లని పూజలకీ పేరంటాలకీ అమ్మేది. "పిన్నీ, నీచు ముట్టని లలితాంబ గారి వీపు మీద రొయ్యలున్నాయని నోరు జారావంటే నా షాపు మూసుకోవాలి," అని నవ్వేది.

రెండేళ్ళ కిందట పద్మజ డెంగీ జ్వరంతో పోయింది. బాపట్ల ఆసుపత్రి దాకా తీసుకెళ్ళారు గానీ వెనక్కి తెచ్చుకోలేకపోయారు. ఇంట్లో వెతికితే ఒక్క కాగితం లేదు. కత్తిరించే మనిషి ఎదురుగా ఉంటే కాగితాలు ఎవరు దాస్తారు?

పద్మజ కూతురు ఇందుకి పదమూడేళ్ళు. తండ్రి నాగశివ బోటెక్కితే వారాల తరబడి సముద్రం మీదే గనక పిల్ల అమ్మమ్మ దగ్గరే పెరుగుతోంది. ఈ నెలాఖర్లో ఓణీల ఫంక్షను. ఇందు కోరింది ఒక్కటే: అమ్మ కత్తిరించిన రొయ్యల కాగితం తన జాకెట్టులో ఉండాలి.

"లేదే తల్లీ. మీ అమ్మ పెళ్ళి జాకెట్టు మీద కాగితం పెట్టి, పెన్సిలు రుద్ది అచ్చు తీశాను. దాన్ని నేను కత్తిరించా. చూడు."

ఇందు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. "ఇవి తేళ్ళు."

"మీసాలు చూడవే!"

"మీసాలున్న తేళ్ళు."

ఇద్దరూ నవ్వారు. కాగితం తిరిగిచ్చేస్తూ ఇందు అంది, "బాగానే ఉందిలే అమ్మమ్మా. కాకపోతే ఇది నువ్వు కత్తిరించిందిగా."

మర్నాడు వీరరాఘవమ్మ రేపల్లెలో రైలెక్కి తెనాలి వెళ్ళింది. మాధురి దగ్గర పాత కాగితం ఒక్కటైనా మిగిలిందేమోనని ఆశ. షాపంతా వెతికారు, దొరకలేదు. ముసలమ్మ మొహం చూడలేక మాధురి ఫోనులో ఒక వీడియో పెట్టింది.

"ఇది చూడు పిన్నీ. చైనాలో కొండల మీద 'యీ' అని ఒక జాతి ఉందంట, వాళ్ళ ఆడవాళ్ళు. మీలాగే కాగితం కత్తిరించి, బట్ట మీద పెట్టి కుడతారు."

నల్లబట్ట మీద తెల్ల కాగితం పువ్వు. దాని మీద ఒక ముసలామె ఎర్రదారం కప్పుతోంది.

"దారం లాగడం చూడు, అచ్చం మన చెయ్యే," అంది వీరరాఘవమ్మ.

తర్వాత ఆ ముసలామె లావుపాటి పుస్తకం ఒకటి తెరిచింది. పేజీ పేజీకీ కత్తిరించిన కాగితాలు.

"ఎవరివంట అవి?"

"వాళ్ళమ్మవంట, అమ్మమ్మవంట."

వీరరాఘవమ్మ ఫోను వెనక్కిచ్చేసి, రైలు టైమైందని లేచింది.

రైలు వేమూరు దాటాక తట్టింది ఆమెకి. కాగితం లోపలే ఉంటుంది కదా! పద్మజ పెళ్ళి జాకెట్టుకి రెండు చేతుల మీదా రొయ్యలే. ఎడమ చెయ్యి కుట్లు విప్పి, ఆ కాగితం పిల్ల జాకెట్టులో పెడితే సరి. పాతదాని మీద తన తేళ్ళు పెట్టి మళ్ళీ కుట్టేస్తుంది. ఇందుని అడగలేదు. అడిగితే ఒప్పుకోదని భయం, చేసి చూపిస్తే మురిసిపోతుందని ఆశ.

పిల్ల బడికి వెళ్ళాక అరుగు మీద కూర్చుని, సూది మొనతో ఒక్కో పోగూ లేపింది. పదిహేనేళ్ళ కిందటి తన కుట్లే. మొదటి రొయ్య తలకాయ విప్పింది. కింద కాగితం లేదు. పసుప్పచ్చటి పీచు, గోటికి అంటుకునేంత.

అప్పుడు గుర్తొచ్చింది. దినాలప్పుడు పద్మజ బట్టలన్నీ ఇచ్చేస్తుంటే ఈ ఒక్క జాకెట్టూ తనే లాక్కుంది. మైలబట్ట ఇంట్లోకి ఎలా తెస్తావని అందరూ అంటే పసుపు నీళ్ళ బకెట్లో రోజంతా నానేసింది. కొన్నవాళ్ళందరికీ ఇరవయ్యేళ్ళుగా ఒకటే చెబుతూ వచ్చింది, నానబెట్టకండమ్మా, కాగితం కరిగిపోద్ది అని. ఆ రోజు తనకి చెప్పేవాళ్ళు లేరు.

అక్కడితో ఆగాల్సింది. ఆగలేకపోయింది. మీసాలు విప్పింది, తోక విప్పింది, రెండో రొయ్యనీ విప్పింది.

ఇందు వచ్చేసరికి ఆమె ఒళ్ళో దారాల కుప్ప, మోకాళ్ళ మీద బోసిచెయ్యి జాకెట్టు.

"ఏంటిది? అమ్మది ఎందుకు విప్పావు?"

"కాగితం నీకిద్దామని."

"ఏదీ?"

"లేదమ్మా. కరిగిపోయింది."

ఇందు ఏడవలేదు. జాకెట్టు లాక్కుని కుడిచెయ్యి మీద కుట్టుని వేళ్ళతో నొక్కి చూసింది. "ఇందులో? ఇందులో కూడా లేదా?"

బకెట్టు ఒక్కటే. రెండు చేతులతో సహా నానిన జాకెట్టూ ఒక్కటే. వీరరాఘవమ్మ మనవరాలి మొహం వంక చూసింది.

"అందులో ఉంటదమ్మా."

"అయితే దీన్ని ముట్టుకోకు."

ఫంక్షను రోజున కొత్త జాకెట్టు పెట్టెలోనే ఉండిపోయింది. ఇందు వాళ్ళమ్మది వేసుకుంటానని పట్టుబట్టి కూర్చుంది. వదులుగా ఉన్నచోట పిన్నీసులు పెట్టారు. సూది బెజ్జాలు మిగిలిన ఎడమచెయ్యిని ఓణీతో కప్పారు. అక్షింతలు వేయడానికి వచ్చిన మాధురి దగ్గరికెళ్ళి చూసి, "ఏంటే, పాత జాకెట్టు వేసుకున్నావు?" అంది.

"ఈ చేతిలో మా అమ్మ కత్తిరించిన కాగితం ఉందక్కా," అని ఇందు కుడిచెయ్యి ముందుకు చాపింది. "కనపడదు. లోపలుంది. పట్టుకుని చూడు."

మాధురి మెల్లిగా పట్టుకుని చూసింది. "ఉందే," అంది.

వీరరాఘవమ్మ విస్తళ్ళు వేశారో లేదో చూసొస్తానని పెరట్లోకి వెళ్ళిపోయింది.