జాంబియా నుంచి వచ్చిన పదకొండో ఉత్తరం

సండేస్కూలు పిల్లలు ఆమెను చాటుగా స్టాంపమ్మ అనేవారు. తపాలా ఆఫీసులో ముప్ఫై ఏళ్లు ముద్రలు కొట్టి రిటైరైంది మరి. ఏ కవరు చేతికొచ్చినా అటూ ఇటూ తిప్పి, వెలుతురుకు పట్టి చూస్తే గానీ విప్పేది కాదు. ఆమె కంటికి అందరూ అనుమానితులే.

ఆ ఏడాది సండేస్కూల్లో ఆఫ్రికా పిల్లల జీవితం గురించిన పాఠం చెప్పే పని ఆమె నెత్తిన పడింది. ఒక ఆదివారం పిల్లల తలల మీద నీళ్ల డబ్బాలు పెట్టి చర్చి చుట్టూ నడిపించింది. మరో ఆదివారం పాత గుడ్డలతో బంతులు కట్టించింది. గోడకు గుడిసె బొమ్మ అంటించి, "వాళ్లందరివీ ఇలాంటి ఇళ్లేనర్రా, పాపం" అంది. ఆఫ్రికా మొత్తాన్నీ ఆ ఒక్క గుడిసెలో కుక్కేసింది మహాతల్లి!

ఇంతలో పాస్టరుగారి కోడలు జాంబియాలోని ఒక సండేస్కూలుతో మాట్లాడి, ఇక్కడి పదకొండుమందికీ అక్కడి పిల్లల చేత ఉత్తరాలు రాయించింది. పంచే ముందు స్టాంపమ్మ అన్నీ చదివింది. పదింట్లో మేకలు, మొక్కజొన్న చేలు. పదకొండోది ఆమె మనవరాలు బుల్లికి వచ్చింది.

"మాది మూడో అంతస్తు. లిఫ్టు చెడిపోయింది. అమ్మ బ్యాంకు నుంచి ఆలస్యంగా వస్తుంది. నాకు లెక్కలంటే ఒళ్లుమంట. నీకో?"

స్టాంపమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. ఆఫ్రికాలో లిఫ్టా? ఒక ఉత్తరం తక్కువైతే పాస్టరుగారి కోడలే కూర్చుని అల్లేసి ఉంటుంది! అనుమానం ఉన్న ఉత్తరాన్ని పక్కన పెట్టడం ఉద్యోగంలో అబ్బిన అలవాటు. బీరువాలో పెట్టి తాళం వేసింది.

"నాకొక్కదానికే రాలేదేంటి నానమ్మా?"

"రాయలేదేమోలేవే."

బుల్లి ఆ రోజు అన్నం ముట్టలేదు. తర్వాతి ఆదివారం కడుపునొప్పి అని మంచం దిగలేదు. ఆ పై ఆదివారమూ అంతే. అయినా స్టాంపమ్మ తాళం తీయలేదు.

మూడో ఆదివారం చర్చిలో పాస్టరుగారి కోడలు ఫోను పట్టుకుని వచ్చింది. "పిన్నిగారూ, జాంబియా పాప మాట పంపింది. మీ బుల్లి జవాబు రాయలేదని బెంగ పెట్టుకుందట. లిఫ్టు బాగైందని కూడా చెప్పమంది. ఏ లిఫ్టండీ? నాకేం అర్థం కాలేదు."

ఫోనులో ఒక చిన్న గొంతు బుల్లి పేరును వంకరటింకరగా, ఎంతో జాగ్రత్తగా పలికింది. స్టాంపమ్మకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఇంటికి పరుగెత్తి, ఉత్తరం తీసి మనవరాలి ఒళ్లో పెట్టింది.

"తప్పు నాదేనే తల్లీ. ఇది ఎప్పుడో వచ్చింది. నేనే దాచాను."

బుల్లి ఉత్తరాన్ని చదివింది. తిప్పి చూసింది. కిటికీ దగ్గరికెళ్లి వెలుతురుకు పట్టింది. తర్వాత మడతపెట్టి నానమ్మ చేతికే తిరిగిచ్చింది.

"ఏడుస్తున్నానని నువ్వే రాశావు కదూ? ఊరుకో నానమ్మా. వాళ్లందరివీ గుడిసెలేనని నువ్వే చెప్పావుగా!"